బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

తాళం తిప్పగానే స్టార్టరు ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే జెట్టీ మీద మొదట వినపడే తీర్పు ఒకటే: ‘బ్యాటరీ పోయింది, కొత్తది తెచ్చెయ్.’ కొత్తది వస్తుంది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఓనరు ఊపిరి పీల్చుకుంటాడు, మెకానిక్కు మాట నెగ్గుతుంది. వారం పది రోజులు గడవకముందే మళ్లీ అదే చప్పుడు. ఈసారి తిట్లన్నీ బ్యాటరీ అమ్మిన షాపువాడికి.

షాపువాడి తప్పేమీ ఉండకపోవచ్చు. నిండు చార్జితో వచ్చిన బ్యాటరీ ఆ వారం రోజులూ తనలో ఉన్నదే ఖర్చు పెట్టుకుంటూ వచ్చింది. ఇంజను దానికి తిరిగి పోసింది ఏమీ లేదు. చార్జింగు ఎప్పుడో ఆగిపోయింది, పాత బ్యాటరీ చచ్చిందీ అందుకే. ఆ సంగతి తేల్చి చెప్పే పరికరం మల్టీమీటరు. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. బ్యాటరీ మీద వేలు గుమ్మరించడానికి వెనకాడని బోట్లలో ఆ వందల మీటరు మాత్రం కనపడదు. అవుట్‌బోర్డు ఇంజన్ల చార్జింగు కష్టాల్లో డబ్బు ఎక్కువగా పోతున్నది ఇక్కడే, కొలవకుండా మార్చే అలవాటు దగ్గర. ఈ అలవాటు పోవాలి. ఇది బోటు ఓనర్లకు ఎంత చెబుతున్నామో, బోట్లు కొనే, రాయితీలిచ్చే ప్రభుత్వ శాఖలకూ అంతే చెప్పాలి.

రోడ్డు మీద ఆగిన ఆటోను నలుగురు చేరి నెడతారు. తీరానికి పది కిలోమీటర్ల అవతల ఆగిపోయిన ఫైబర్ బోటును నెట్టేవాళ్లు ఉండరు. గాలీ నీటివాలూ ఎటు తీసుకుపోతే అటు పోవాల్సిందే. చిన్న ఇంజన్లతో ఈ బాధ తక్కువ. 9.9, 15 హార్స్‌పవర్ ఇంజన్లను తాడు లాగి స్టార్టు చేయవచ్చు కాబట్టి బ్యాటరీ ఊసే లేకుండా వేటకు వెళ్లొచ్చే మత్స్యకారులు చాలామందే ఉన్నారు. 60, 90 హార్స్‌పవర్‌కు వచ్చేసరికి చేత్తో లాగి తిప్పడం తేలికైన పని కాదు, ఎక్కువగా స్టార్టరు మోటారే దిక్కు. పర్యాటకుల్ని తిప్పే స్పీడ్‌బోట్లలోనూ, పెద్ద గస్తీ పడవల్లోనూ ఉండేవి ఇలాంటివే.

తాడు లాగే బోట్లలోకి కూడా బ్యాటరీ ఇప్పుడు వేరే దారిన వచ్చి చేరింది. దీపాలకు, జీపీఎస్‌కు, చేపల జాడ చూపించే ఫిష్ ఫైండరుకు, వీహెచ్ఎఫ్ రేడియోకు, ఇంటికి మాట్లాడే సెల్‌ఫోనుకు కరెంటు కావాలి. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద దేశమంతటా లక్ష చేపల బోట్లకు, వాటి జాడ ఒడ్డుకు తెలిపే ట్రాన్స్‌పాండర్లు అమర్చాలన్నది లక్ష్యం. మంచి పనే. కానీ బోటులో ఒక్కో పరికరం పెరిగే కొద్దీ దాని వెనకున్న చార్జింగు మీద ప్రాణాల బరువు కూడా పెరుగుతుంది. దీనికి వీహెచ్ఎఫ్ రేడియోను మించిన ఉదాహరణ లేదు. 25 వాట్లతో మాట్లాడేటప్పుడు అది 5, 6 ఆంపియర్లు లాగుతుంది. వినేటప్పుడు సాధారణంగా అర ఆంపియరుతో సరిపెట్టుకుంటుంది. అందుకే నీరసించిన బ్యాటరీ మీద అవతలివాళ్ల మాటలు శుభ్రంగా వినపడతాయి. సాయం కోసం 16వ చానల్లో మీట నొక్కి నోరు తెరవగానే సెట్టు ఆరిపోతుంది. రేడియో బాగానే పనిచేస్తోందని అంతవరకూ నమ్మిన మనిషికి సమస్య తెలిసేది ఆ క్షణంలోనే.

ఈ చార్జింగు ఏర్పాటు నిజానికి అంత చిక్కుముడేమీ కాదు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో, నార్వే నుంచి వలస వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ అవుట్‌బోర్డు మోటార్ల వ్యాపారం పెట్టినప్పుడు వాటికి స్టార్టరు లేదు. పైనున్న చక్రానికి బిగించిన పిడి పట్టుకుని చేత్తో గిరుక్కున తిప్పేవారు. ఆ చక్రమే, అంటే ఫ్లైవీలే, ఇప్పటి చాలా ఇంజన్లలో విద్యుత్తును పుట్టిస్తోంది. దాని లోపలి అంచున అయస్కాంతాలుంటాయి. వాటి మధ్య కదలకుండా కూర్చున్న రాగితీగ చుట్టల్ని స్టేటరు అంటారు. చక్రం తిరిగితే చుట్టల్లో ఏసీ కరెంటు పుడుతుంది. బ్యాటరీకి డీసీ కావాలి కనుక రెక్టిఫయరు అనే చిన్న డబ్బా దాన్ని మార్చి ఇస్తుంది. వోల్టేజీ హద్దు దాటకుండా రెగ్యులేటరు పట్టి ఉంచుతుంది. ఇప్పటి ఇంజన్లలో ఆ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అక్కడినుంచి ఒక ఫ్యూజు, ఒక ఎర్ర తీగ, చివర బ్యాటరీ. దారి మొత్తం ఇంతే. చార్జింగు ఆగిందంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట తెగింది, లేదా సన్నబడింది.

ఒక్కోసారి ఏదీ తెగదు. లెక్కే తప్పుతుంది. మెకానిక్కుల్లో కూడా చాలామంది ఈ సంగతి మీద తగినంత శ్రద్ధ పెట్టరు.

మాటిమాటికీ స్టార్టు చేయడం వల్లే బ్యాటరీ అయిపోతోందని అందరూ అనుకుంటారు. స్టార్టరు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 4 సెకన్లు తిప్పితే ఖర్చయ్యేది 600 ఆంపియర్ సెకన్లు. బ్యాటరీ మీద అచ్చువేసే లెక్కలో చెబితే 0.17 ఆంపియర్ అవర్లు. 6 ఆంపియర్ల చార్జింగున్న చిన్న ఇంజను కూడా దాన్ని రెండు మూడు నిమిషాల్లో తిరిగి నింపేస్తుంది. బ్యాటరీని తినేది గంటల తరబడి సన్నగా లాగే సామాను. రాత్రి వేటలో దీపాలు 2 ఆంపియర్లు, ఫిష్ ఫైండరు ఒకటి, రేడియో అర, సెల్‌ఫోన్లు ఒకటి. కలిపితే నాలుగున్నర. ఎనిమిది గంటలకు 36 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా అక్కడే పోయింది. వెళ్లడానికి గంట, రావడానికి గంట ఇంజను నడిపితే తిరిగి వచ్చేది మహా అయితే 12. పైగా కేటలాగులో వేసే ఆంపియర్ల అంకె ఇంజను నిండు వేగంతో తిరిగేటప్పటిది. వల పక్కన సన్నగా తిప్పుతూ ఉంచితే అందులో కొంతే వస్తుంది. ఈ బోటులో స్టేటరు మార్చినా, రెక్టిఫయరు మార్చినా, నెలకో కొత్త బ్యాటరీ పెట్టినా పని జరగదు.

ఐదు నిమిషాల రైడ్లు తిప్పే పర్యాటక స్పీడ్‌బోటుదీ ఇదే కథ. జెట్టీ దగ్గర ఆగిన ప్రతిసారీ ఇంజను ఆపుతారు, పాటల పెట్టె మాత్రం ఆగదు. తప్పెక్కడో తెలుసుకోవడానికి ఇక్కడ పానా అక్కర్లేదు, కాగితం మీద కూడిక చాలు. ఇలాంటిచోట బ్యాటరీ సైజు పెంచడం కన్నా రెండో బ్యాటరీ పెట్టడమే నయం. ఒకటి స్టార్టరుకే, దీపాలూ రేడియో దాని జోలికి పోకూడదు. మిగతావన్నీ రెండోదాని మీద. రాత్రంతా దీపాలు వెలిగి రెండోది ఖాళీ అయినా, ఇంటికి తెచ్చేందుకు మొదటిది నిండుగా ఉంటుంది.

లెక్క సరిపోయి కూడా చార్జి నిలవకపోతే అప్పుడు మీటరు తీయాలి. పరీక్ష బ్యాటరీ దగ్గర మొదలై ఇంజను వైపు నడవాలి. మన దగ్గర తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు ఇంజను మూత తీసి, కనపడిన ఖరీదైన డబ్బా మీద చెయ్యేస్తారు.

మొదటి పని, బ్యాటరీని బయటి చార్జరుతో నింపి, తీగలు విప్పి, ఒక రాత్రి ఊరికే ఉంచడం. తెల్లారి మీటరు 12.6 వోల్టులో, ఆపైనో చూపాలి. 12.2 చూపిస్తే సగమే ఉన్నట్టు. 12 కన్నా దిగితే దాదాపు ఖాళీ. రాత్రి నింపింది పొద్దుటికి నిలవలేదంటే లోపం బ్యాటరీలోనే ఉంది, ఇంజను మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు. మూతలు తీసే రకమైతే హైడ్రోమీటరు ఇంకా నిక్కచ్చిగా చెబుతుంది. నిండు చార్జిలో ఆమ్లం సాంద్రత బ్యాటరీ రకాన్నిబట్టి 1.240 నుంచి 1.265 దాకా ఉంటుంది. మన ఎండలకు చేసిన బ్యాటరీల్లో 1.240 దగ్గరే ఉండటం మామూలు. ఆరు గదుల్లో ఐదు ఒకేలా ఉండి ఒకటి మాత్రం బాగా దిగజారి కనపడితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. చివరగా స్టార్టరు తిప్పుతూ చూడాలి. తిరిగేటప్పుడు వోల్టేజీ 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ నీరసంగానైనా ఉంది, స్టార్టరు అతిగానైనా లాగుతోంది.

బ్యాటరీ నిర్దోషి అని తేలాకే ఇంజను స్టార్టు చేయాలి. అదీ నీళ్లలోనే. అవుట్‌బోర్డు తాను మునిగి ఉన్న నీటినే పైకి లాక్కుని చల్లబడుతుంది. గట్టు మీద పొడిగా తిప్పితే నీటిని లాగే రబ్బరు ఇంపెల్లరు కొద్దిసేపట్లోనే కాలిపోతుంది. చార్జింగు చూడబోయి ఇంజను తగలెట్టుకునేది ఇలాగే. బోటు నీళ్లలో లేకపోతే డ్రమ్ములో నీళ్లు నింపి, ఇంజను కాలు అందులో ముంచి తిప్పాలి.

ఇంజను తిరుగుతుండగా వేగం కాస్త పెంచి మీటరును నేరుగా బ్యాటరీ మీద పెడితే సమాధానం మూడింట్లో ఒకటి. 13.8కీ 14.5కీ మధ్యకు ఎక్కితే చార్జింగు బాగున్నట్టు. ఇందాక 12.6 ఉన్నది అక్కడే నిలిచి మెల్లగా దిగుతుంటే చార్జింగు రావడం లేదు. 15 దాటి పోతుంటే రెగ్యులేటరు చేతులెత్తేసింది, బ్యాటరీ నీళ్లు మరగబోతున్నాయి. పాత ఇంజన్లలో కొన్నిటికి అసలు రెగ్యులేటరే ఉండదు. దూరప్రయాణాల్లో నిండు వేగంతో పోతుంటే వోల్టేజీ తనంతట తానే హద్దు దాటుతుంది. అలాంటి ఇంజనుకు మూతలు బిగించేసిన మెయింటెనెన్స్-ఫ్రీ బ్యాటరీ పెట్టడం పెద్ద పొరపాటు. ఆవిరైపోయిన నీటిని తిరిగి పోసే దారే ఉండదు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే పాత రకమే దానికి సరి.

ఇక చార్జింగు రావడం లేదని తేలిన బోటు సంగతి. స్టేటరు ధర అడగడానికి షాపుకు ఫోను చేసే ముందు ఒక్క పని మిగిలి ఉంది. ఉప్పుగాలి తగిలే చోట ఈ ఒక్క పనిలోనే చాలా కేసులు ముగిసిపోతాయి.

బ్యాటరీ మీద సీసపు మొలక ఉంటుంది. దాని చుట్టూ తీగ తాలూకు క్లాంపు ఉంటుంది. రెండూ కలిసే ఉన్నట్టు కంటికి కనపడతాయి. ఇంజను తిరుగుతుండగా మీటరు సూదుల్లో ఒకటి మొలక నడినెత్తిన, రెండోది క్లాంపు మీద గుచ్చాలి. ఒకే లోహపు ముక్కలా కలిసి ఉంటే మీటరు సున్నా చూపాలి. అర వోల్టు చూపిస్తే ఆ రెంటి మధ్య కంటికి ఆనని పాచి ఉంది, కరెంటు అక్కడ చిక్కుకుపోతోంది. ఇదే పద్ధతిలో మొలక నుంచి ఫ్యూజు దాకా, ఫ్యూజు నుంచి రెక్టిఫయరు ఎర్ర తీగ దాకా ఒక్కో అంగ ముందుకు వెళ్లాలి. తర్వాత నెగటివ్ వైపు, బ్యాటరీ మొలక నుంచి ఇంజను దిమ్మ దాకా. నెగటివ్ వైపు చూడటం చాలామంది మర్చిపోతారు, సగం జబ్బులు దాక్కునేది అక్కడే. మొత్తం దారిలో 0.3 వోల్టుకు మించి ఎక్కడ పోతుంటే ఆ జాయింటు విప్పి, ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాలి. వాజలీనో గ్రీజో రాసేది బిగించిన తర్వాతే. ముందే పూసి పైన బిగిస్తే తుప్పును లోపలే పెట్టి తలుపేసినట్టు.

ఆ బిగింపులోనూ ఒక మెలిక ఉంది. బోటు బ్యాటరీల మీద చేత్తో తిప్పే రెక్కల నట్లు బిగిస్తుంటారు. విప్పడం తేలికని పెడతారు. ఇంజను అదురుకు అవి వదులవ్వడమూ అంతే తేలిక. స్టార్టరుకు పోయే లావు తీగలకు రెక్కల నట్లు వాడకూడదని అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ నిబంధనల్లోనే ఉంది. మామూలు ఆరు పలకల నట్టు, స్ప్రింగు వాషరు పెట్టి పానాతో బిగిస్తే ఆ బెడద తీరుతుంది.

తీగల సంగతీ అంతే. కార్లకూ ఇళ్లకూ వాడే మామూలు రాగితీగను బోటులో లాగి, రెండు కొసలు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టేసి వదిలేస్తారు. ఉప్పు తేమ టేపు కిందికి చేరుతుంది. కొసన మొదలైన పచ్చటి తుప్పు తొడుగు లోపల తీగ వెంటే పాకిపోతుంది. పైకి తీగ నవనవలాడుతూ ఉంటుంది, కోసి చూస్తే లోపల నల్లటి పొడి. తగరం పూత పూసిన బోటు తీగ ఖరీదు కొంచెం ఎక్కువే. లోపల జిగురున్న కుదింపు గొట్టంతో మూసిన జాయింటు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇక్కడ మిగిల్చిన పది రూపాయలు స్టేటరు బిల్లుగా తిరిగొస్తాయి.

జాయింట్లన్నీ శుభ్రమై, ఫ్యూజు బాగుండి, అప్పటికీ చార్జింగు రాకపోతే అప్పుడే ఇంజను మూత కింది భాగాల మీద అనుమానపడాలి. స్టేటరు నుంచి వచ్చే తీగల్ని గుర్తుపట్టడం సులువు. జాన్సన్, ఎవిన్‌రూడ్, మెర్క్యురీ ఇంజన్లలో అవి సాధారణంగా పసుపు, యమహాల్లో ఆకుపచ్చ. వాటిని రెక్టిఫయరు నుంచి విప్పి, రెంటి మధ్య నిరోధం కొలిస్తే చాలా తక్కువ రావాలి. ఎంతన్నది ఆ మోడలు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఏ తీగకూ ఇంజను దిమ్మతో సంబంధం ఉండకూడదు, ఉంటే స్టేటరు కాలింది. రెక్టిఫయరులో ఉండేవి డయోడ్లు, ఒకవైపే కరెంటును పోనిచ్చే తలుపులు. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి అటూ ఇటూ చూస్తే ఒకవైపు అర వోల్టుకు దగ్గరగా అంకె రావాలి, రెండోవైపు ఏమీ రాకూడదు. రెండువైపులా వచ్చినా, ఏవైపూ రాకపోయినా ఆ డయోడు పోయినట్టే. రెగ్యులేటరు కూడా కలిసిన కొత్త డబ్బాలను ఇంత తేలిగ్గా తేల్చలేం, వాటికి కంపెనీ పుస్తకంలోని పద్ధతే శరణ్యం. పాత ఇంజన్లలో మీటరు లేకుండానే తెలిసే గుర్తు ఒకటుంది. ఆర్పీఎం ముల్లుకు సంకేతం ఇదే దారినుంచి వెళ్తుంది. ఇంజను తిరుగుతుంటే ముల్లు చచ్చిపడి ఉందంటే చార్జింగు కూడా ఆగి ఉండవచ్చు. ముల్లు పాడైందని కొత్త ముల్లు కొనేవాళ్లున్నారు.

కొత్త రెక్టిఫయరు పెట్టారు, నెల తిరక్కుండా అదీ పోయింది. ‘డూప్లికేటు సరుకు’ అని ఊరుకోకుండా దాన్ని చంపిందెవరో చూడాలి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ పీకినా, మెయిన్ స్విచ్చి ఆపినా స్టేటరులో పుట్టే కరెంటుకు పోయే దారి ఉండదు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి డయోడ్లను పగలగొడుతుంది. చార్జింగు వస్తోందో లేదో తేల్చడానికి ‘బ్యాటరీ తీగ పీకి చూద్దాం, ఇంజను ఆగకపోతే వస్తున్నట్టే’ అనే పరీక్ష కొందరు మెకానిక్కుల దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. అది పరీక్ష కాదు, హత్య. తొందరలో ప్లస్సు మైనస్సు తారుమారు చేసి తగిలించినా అంతే, క్షణంలో రెక్టిఫయరు కాలిపోతుంది. తీగల కొసలు తాటించి నిప్పురవ్వలు చూసి కరెంటుందని తేల్చే అలవాటైతే ఇంకా ప్రమాదం. చార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, తగిలించేటప్పుడు చివర నెగటివ్. ఈ ఒక్క వరుస చేతికి అలవాటైతే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

తేలికగా ఉంటాయని లిథియం బ్యాటరీలకు మారాలనుకునేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. ఖాళీగా ఉన్న లిథియం బ్యాటరీ స్టేటరు ఇవ్వగలిగినంతా ఆపకుండా లాగేస్తుంది, స్టేటరు వేడెక్కిపోతుంది. లోపలున్న రక్షణ సర్క్యూటు తనకు చాలనిపించినప్పుడు ఉన్నపళంగా తీగ పీకినంత పని చేస్తుంది. ఇంజను కంపెనీ ఒప్పుకుందని పుస్తకంలో చూసుకోకుండా పెట్టడం తెలివైన పని కాదు.

మన తీరంలో ఈ బాధలన్నిటికీ ఒక రుతువు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతటా మరబోట్ల వేట నిషేధం. మండుటెండల్లో బోట్లు ఒడ్డున పడి ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా నెలనెలా కొంత చార్జి పోగొట్టుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. ఖాళీ అయిన బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జి ఎక్కించినా పూర్తిగా కోలుకోదు. జూన్ 15 తెల్లవారుజామున అందరూ ఒకేసారి సముద్రం మీదికి వెళ్లే రోజుకు సగం బలం పోయిన బ్యాటరీతో సిద్ధమవుతున్నామన్నమాట. నిషేధం మొదలైన రోజే బ్యాటరీని నింపి, నెగటివ్ తీగ విప్పి, నీడపట్టున పెట్టి, నెలకోసారి చార్జరుకు తగిలిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. ఇంటి గుమ్మంలో అరగంట పని.

వరద సహాయక బోట్లకైతే ఇలా ఊరికే పడి ఉండే కాలం దాదాపు ఏడాది పొడవునా ఉంటుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు నీళ్లలో నిలిచినప్పుడు వీధుల్లో తిరిగింది బోట్లే. గోడౌన్లలో నెలల తరబడి కదలకుండా ఉండే యంత్రం ఏ గంటలో పిలుపొస్తే ఆ గంటలో తిరగాలి. అలాంటి ప్రతి బోటుకూ ఒక రిజిస్టరు ఉండాలి. ‘కండిషన్ బాగుంది’ అని సంతకం పెట్టే రిజిస్టరుతో లాభం లేదు. నెలకోసారి కొలిచిన మూడు అంకెలు అందులో ఉండాలి: ఆపి ఉన్నప్పటి వోల్టేజీ, స్టార్టరు తిరిగేటప్పటి వోల్టేజీ, ఇంజను నడిచేటప్పటి వోల్టేజీ. ఈ మూడూ వరసగా ఆర్నెల్లు రాస్తే ఏ బోటు ఎప్పుడు మొరాయించబోతోందో తహసీల్దారు ఆఫీసులో కూర్చుని కూడా చెప్పవచ్చు.

మత్స్యకారుల విషయంలో చేయాల్సింది ఇంకా సులువు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోట్లకు, సమాచార పరికరాలకు, భద్రతా సామగ్రికి రాయితీ అందుతోంది. ఆ భద్రతా సామగ్రి పెట్టెలో ఒక మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు, కొన్ని మీటర్ల తగరం పూత తీగ చేర్చడానికి ఖజానా మీద పెద్ద బరువేమీ పడదు. నేర్పేవాళ్లకూ కొరత లేదు. బోటు ఇంజన్ల ఫిట్టర్లను తయారుచేసే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నంలోనే విభాగం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. కోర్సులకు కుర్రాళ్లు అక్కడికి వస్తారు సరే, మీటరు పట్టే పని కోసం ఆ మాస్టార్లు ఉప్పాడకూ, నిజాంపట్నానికీ, భావనపాడుకూ రావాలి. చేతిలో పని లేక బోట్లు ఒడ్డున ఉండే ఆ 61 రోజుల్లో ఊరికి రెండు రోజులు చాలు. తరగతి గది అక్కర్లేదు, ఒడ్డున ఉన్న ఇంజన్లే పాఠ్యపుస్తకాలు.

అంతవరకూ బోటు ఓనర్లు తమంతట తాము చేయగలిగింది ఒకటుంది. రిపేరు బిల్లు మీద రెండు అంకెలు అడిగి రాయించుకోవాలి: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద భాగం మార్చకముందు ఎన్ని వోల్టులున్నాయి, మార్చాక ఎన్ని వచ్చాయి. పని తెలిసిన మెకానిక్కు సంతోషంగా రాసిస్తాడు. మార్చకముందు కొలవనే లేదన్నవాడికి ఆ విడిభాగం డబ్బులు ఇచ్చేముందు పాత భాగాన్ని తిరిగి బిగించి, తమ ఎదుటే ఇంజను తిప్పి చూపించమనాలి.